గొడుగు పట్టుకున్న మ్యూరియల్

టొరంటోలో ముప్పై ఏళ్లు ట్రామ్ నడిపి రిటైరైన మ్యూరియల్ హాకెట్, ఆ ఊళ్లోని కాబేజ్‌టౌన్ అనే పాత పేటలో జనాన్ని వెంట నడిపిస్తూ విక్టోరియా రాణి కాలంనాటి ఇళ్లను చూపేది. ఒక ఆదివారం ఓ ఎర్రిటుకల ఇంటి ముందు నిలబడి, వెనకటికి అక్కడ జరిగిన హత్య గురించి చెబుతోంది. అంతలో తలుపు భళ్లున తెరుచుకుంది. ఇంటాయన పెళ్లాన్ని జుట్టు పట్టి వసారాలోకి ఈడ్చుకొచ్చి, కడుపులో తన్నాడు.

ఇళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. "భలే నటిస్తున్నారే," అంటూ ఒకాయన ఫోన్ తీశాడు.

"నాటకం కాదయ్యా. ఆ ఫోనేదో పోలీసులకి చెయ్యి," అని మ్యూరియల్ మెట్లెక్కింది.

"నీకెందుకే ముసలిదానా, నా ఇల్లు, నా పెళ్లాం," అంటూ వాడు ఆమె మూతి మీద గుద్దాడు. రెండు పళ్లు రాలాయి. ఆమె నెత్తురు ఉమ్మేసి, చేతిలోని పొడవాటి గొడుగుతో వాడి మోకాలి మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినబడింది. వాడు కూలబడ్డాక కూడా, పోలీసులొచ్చి రెక్క పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

వాడు జైలుకెళ్లాడు. ఆమెను జడ్జి మందలించి వదిలేశాడు.

"అన్ని దెబ్బలెందుకమ్మా?" అని ఆయన అడిగినప్పుడు ఆమె దాచలేదు.

"మొదటిది ఆ పిల్ల కోసం కొట్టానండీ. మిగతావి కొట్టాలనిపించి కొట్టాను."