చీటీలో లేని మాట చదివాను

ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పి ఊరుకుంటే చాలదు, కాగితం మీద ఉండాలి. చనిపోయిన ఒక మనిషి చెప్పిన నిజాన్ని నేను అబద్ధం చేశాను. పద్నాలుగేళ్ళుగా ఆ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. తర్వాత చదివిందంతా కరీంనగర్‌లో గ్రంథాలయం బల్ల దగ్గరే. పగలు కుట్టుమిషన్ ముందు, సాయంత్రం పుస్తకాల ముందు. ఏ బీరువాలో ఏముందో కళ్ళు మూసుకొని చెప్పగలను. చెప్పమని ఎవరైనా అడగాలని కూడా ఉండేది.

మా పక్కింటి కనకవ్వను నేను అక్కా అనేవాణ్ణి. ఆమె తండ్రి వెండి తీగ పనివాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుంది. మానేరు ఇసుకలో పలుగురాళ్ళు ఏరుకొచ్చి, వెండి తీగ చుట్టి, మెడలో వేసుకునే బిళ్ళలు చేసేది. రాయికి బెజ్జం వేయదు, అతుకు పెట్టదు. ఒకటే తీగ. రాయిని చాలాసేపు తిప్పి చూసి, ఎక్కడ పట్టుకుంటే జారదో తేల్చుకున్నాకే చుట్టడం మొదలుపెట్టేది. పసిపిల్లలకు దిష్టి తగలకుండా తల్లులు కొనేవాళ్ళు. అంతకు మించి ఆ రాళ్ళలో ఏదో ఉందని ఆమె ఎన్నడూ అనలేదు.

అన్నది నేను.

రత్నాల మీద ఒక పాత పుస్తకం దొరికింది. ఏ రత్నం ఏ జబ్బును తగ్గిస్తుందో అందులో ఉంది. ఏటి రాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. నేను రంగు చూసి జత కలిపాను. పసుపు ఛాయ రాయికి పుష్యరాగం గుణాలు, ఎర్రదానికి మాణిక్యం గుణాలు. చిన్న చీటీల మీద గుండ్రంగా రాసి ఒక్కో బిళ్ళతో పెట్టాను. కనకవ్వకు చదువు రాదు. ఏం రాస్తున్నావని అడిగితే, వెండి నల్లబడితే చింతపండుతో కడగమని రాస్తున్నానన్నాను. ఎందుకలా అన్నాను? నిజం చెబితే వద్దంటుందని తెలుసు. అంటే తప్పని అప్పటికే తెలుసు. చీటీ చదివినవాళ్ళు నా మిషన్ దగ్గరికి వచ్చి సారూ అని పిలిచేవాళ్ళు. దర్జీని సారూ అని ఎవరు పిలుస్తారు? పెద్దవాళ్ళు కూడా కొంటున్నారని, తన పని నచ్చిందని కనకవ్వ మురిసిపోయింది.

మందమర్రి బొగ్గుబావిలో పనిచేసే ఓదెలు చుట్టపుచూపుగా వచ్చి ఒక బిళ్ళ కొన్నాడు. అతనిది రొమ్ము జబ్బు, అంటే క్షయ. నెలల తరబడి గోలీలు మింగాలి. అతని చీటీలో ఇలా రాశాను: "ఊపిరితిత్తుల వ్యాధికి. నలభై రోజులు ధరించిన వారికి మందులతో పనిలేదు." రెండో వాక్యం ఆ పుస్తకంలో కూడా లేదు. రాస్తుంటే బాగా కుదిరిందనిపించింది, అంతే.

ఏడాది తిరక్కుండానే అతని భార్య రాజవ్వ పసివాణ్ణి ఎత్తుకొని వచ్చింది. బిళ్ళ, చీటీ కనకవ్వ ముందు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను.

"నీ చీటీల మందులు అక్కరలేదని ఉన్నదంట గదమ్మా. మా ఆయన సదివి చెప్పిండు. గోలీలు బంద్ జేసిండు. మొన్ననే దినాలైనయ్."

"నాకు అక్షరం ముక్క రాదు బిడ్డా," అని కనకవ్వ నా వైపు తిరిగింది. "తమ్మీ, జర సదువు. ఏమున్నది గండ్ల?"

అక్కడ చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కో మాట కింద వేలు పెడుతూ చదివాను.

"వెండి నల్లబడ్తే చింతపండుతోని కడుగుండ్రి. గంతే ఉన్నదక్కా."

రాజవ్వ పసివాణ్ణి మరో చంకకు మార్చుకుంది.

"గోలీలంటే ఆయనకు మొదటి సంది రోత. మింగబుద్ధిగాక నాకు అబద్ధం జెప్పిండన్నట్టు," అంది.

కనకవ్వ ఆమెకు అన్నం పెట్టి పంపింది. చీటీ నా జేబులోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు. ఇంటికి వెళ్ళి పొయ్యిలో వేశాను.

భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయపడ్డవాడి గొంతు తడబడుతుంది, నాది తడబడలేదు. కనకవ్వ పేరు కాపాడటానికే అలా చదివానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ పేరుకు మచ్చ తెచ్చింది నా రాతే కదా అన్న ప్రశ్న దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఆ రోజు నువ్వు లేకపోతే నా పేరు పోయేది తమ్మీ అని, చనిపోయేదాకా ఆమె అంటూనే ఉంది. ప్రతిసారీ తలూపాను.

పోయిన నెల మందమర్రి వెళ్ళాను. అక్కడ రాజవ్వ ఇల్లు చూపించిన చాయ్ కొట్టు సత్తయ్యకు, ఆ పాత పుస్తకం మళ్ళీ వెతికి తీసిన గ్రంథాలయం అటెండర్ యాదగిరికి, తల్లి పేరు దాచకుండా రాయమన్న కనకవ్వ బిడ్డ భాగ్యకు కృతజ్ఞతలు. రాజవ్వకు కూడా. నిలబడే మొత్తం విన్నది. నన్ను కూర్చోమనలేదు. క్షమించమని నేను అడగలేదు.

"నా కొడుకు బుద్ధెరిగిన సంది, మీ బాపు అబద్ధాలాడి సచ్చిండని నేనే చెప్పిన," అంది. "ఆడు సదువుకుంటుండు. గిదంత కాయితం మీద రాసియ్యి."

అక్కడి గడప మీదే కూర్చుని రాశాను. ఆమె కొడుకు సంపత్ దాన్ని తల్లికి వినబడేలా పైకి చదివాడు. ఒక్క మాట మార్చకుండా చదివినందుకు అతనికి నా కృతజ్ఞతలు.