కడియానికి మెరుగు పెట్టిన మహాతల్లి

ఒకే ఒక్క కడియాన్ని తోమి రెండు స్నేహాలకు నీళ్ళొదులుకోబోయిన ఘనత నాది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో నేనూ స్వప్నా దేశం కాని దేశంలో, వెస్ట్‌మీడ్ అనే ఊళ్ళో ఒకే ఫ్లాట్‌లో ఉంటూ, ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల కౌంటర్లో పనిచేసేవాళ్ళం. ఆ కౌంటర్లోనే మాతోపాటు ఆవా అని ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఆవిడ పనిచేసేది. నాకు ఆవిడంటే ప్రాణం. ఆవిడకేమో స్వప్నంటే ప్రాణం. లంచ్ డబ్బా తెరిస్తే మొదటి వాటా దానికే. నాకు కడుపు మండిపోయేది.

ఆవా ముంజేతికి కొండచిలువ చుట్టుకున్నట్టుండే కంచు కడియం ఒకటుండేది, మాడిన గిన్నెలా నల్లగా. మణికట్టుకు ఆపరేషన్ అంటే దాన్ని తీయాల్సివచ్చింది. తీసి ఎవరికిచ్చింది? స్వప్నకి. దాని కథ కూడా స్వప్నకే చెప్పిందట. నేనడిగితే, "అది ఆవా పర్సనల్ మేటర్ కదే, నేను చెప్తే బాగోదు" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు స్వప్న డ్యూటీకి వెళ్ళగానే తగుదునమ్మా అని దాని అలమర తెరిచాను. దాచిపెట్టడం ఎవరైనా చేస్తారు, తళతళలాడించి ఇస్తే కదా ఆవాకి నా విలువ తెలిసేది. చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, మా అమ్మ పండక్కి బిందెలు తోమినట్టు గంటసేపు తోమాను. కొండచిలువ పొలుసులతో సహా మెరిసింది. నా తెలివికి నేనే మురిసిపోతూ విజిటింగ్ టైముకి ఆవా మంచం దగ్గర వాలాను.

ఆవా కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెవరిది?" అంది.

"మీదే. తోమాను" అన్నాను, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

ఆవా కడియాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని కథ చెప్పింది. వాళ్ళ వైపు కొండచిలువ దేవతల కబుర్లు మోసుకొస్తుందట. వాళ్ళ అమ్మమ్మకు జబ్బుచేస్తే, సోదె చెప్పే ఆవిడ ఈ కడియం పోత పోయించి తొడుక్కోమందట. అమ్మమ్మ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత తను.

"ఆ నలుపు మురికి కాదు. మా అమ్మమ్మ చెమట, మా అమ్మ చెమట. అదే కడిగేశావు."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే ఏడ్చేసి, స్వప్న మీద అసూయతోనే ఇదంతా చేశానని కూడా కక్కేశాను. ఆవా నన్ను ఎగాదిగా చూసి, బాగున్న చేత్తో నా చెయ్యి లాక్కుని కడియం తొడిగింది.

"మళ్ళీ నల్లబడేదాకా ఇది నీ చేతికే. వంట చెయ్యి, ఇల్లు తుడువు, బాగా చెమట పట్టించు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మా అమ్మమ్మకి ఇరవయ్యేళ్ళు పట్టింది. త్వరగా మొదలుపెట్టు."

ఇంటికొచ్చేసరికి స్వప్న ఖాళీ అలమర ముందు తల పట్టుకుని కూర్చునుంది. జరిగిందంతా చెప్పాను. చంపేస్తుందనుకున్నాను. అది నా చేతివంకే చూసి చూసి, మూతి ముడుచుకుని, "ఆవా ఇంట్లో ఇంకేమైనా నల్లటివి ఉన్నాయేమో కనుక్కోవే, నేనూ తోముతా" అంది.

అంచేత పాఠక మహాశయులారా, ఈ కడియం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మీద ఎంత కుళ్ళుబోతుతనం పుట్టుకొచ్చినా సరే, మా ఇంటి గిన్నెలు మాత్రమే తోముకుంటాను.