పెద్దమ్మ బైబిల్లో ఎక్కువున్న ఏడు పుస్తకాలు

పెద్దమ్మ పోయింది. మంగళవారం పొద్దున అద్దంకి దగ్గర వాళ్ళ ఊరి నుంచి ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందమ్మా. రేపు చర్చి పూజలో నువ్వే చదవాలి, గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మాది గుంటూరులో ప్రొటెస్టెంటు చర్చి. పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, పుట్టి పెరిగింది మాలోనే. కాథలిక్కుల ఇంటికి కోడలిగా వెళ్ళింది. పెళ్ళికి ముందు సండేస్కూల్లో పిల్లల చేత వేళ్ళు మడిపించి బైబిల్లో అరవై ఆరు పుస్తకాలని వల్లె వేయించిన మనిషి, అత్తారింట్లో డెబ్భై మూడు చదువుకుంది. "మెట్టినింట్లో నాకు ఏడు ఎక్కువ పెట్టారే" అని నవ్వేది. ఇప్పుడు ఆ సండేస్కూలు నేను చూస్తున్నాను. అరవై ఆరే చెబుతున్నాను.

ఆ ఏడింటిలో ఒక కథంటే ఆవిడకి ప్రాణం. దిక్కులేని శవాల్ని రాజుకి తెలియకుండా పూడ్చిపెట్టే ఒక యూదు పెద్దాయన ఉంటాడు. ఆయనకి చూపు పోతుంది. కొడుకు దూరప్రయాణం వెళ్ళి, దారిలో పట్టిన చేప పిత్తం తెచ్చి రాస్తే, కళ్ళు మండి మళ్ళీ చూపొస్తుంది. ఆ కొడుకు వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. "కుక్కని కూడా మర్చిపోకుండా రాశాడు చూడు. అబద్ధాలు రాసేవాడికి కుక్కెందుకే?" అనేది. కరోనా రోజుల్లో వాళ్ళ వీధిలో ఒకావిడ చనిపోతే గడప దగ్గరికి కూడా ఎవరూ రాలేదు. పెద్దమ్మ వెళ్ళి స్నానం చేయించి, మంచి చీర కట్టి పంపింది. ఎందుకెళ్ళావని మా అమ్మ ఫోన్లో తిడితే, "మా పుస్తకంలో ఉందిలే" అందట.

రెండేళ్ళ కిందట మిరప కళ్లంలో ఆవిడ పక్కన కూర్చుని అడిగేశాను. "మనవాళ్ళు తీసి పక్కన పెట్టినవాటిని నువ్వెలా నమ్ముతున్నావు పెద్దమ్మా?"

ఎర్రకాయ ఒక పక్కకి, రంగు పోయిన తాలుకాయ ఇంకో పక్కకి వేస్తూ, "ఇదిగో, ఈ కాయ నేను తాలులో వేశాను. పక్కావిడైతే ఎరుపులో వేస్తది. తాలైనా ఎవరన్నా పారబోస్తారా? విడిగా రాశి పోస్తారు" అంది.

"కాయా వాక్యమూ ఒకటేనా?" అన్నాను కోపంగా.

"కాదులే" అని ఒప్పేసుకుంది. ఆవిడతో వాదించడంలో కష్టం అదే. ఇంకో కాయ అందుకుంటూ, "నేను పోయినప్పుడు ఆ పెద్దాయన ముక్క నువ్వే చదవాలమ్మాయ్" అంది. చదువుతాలే అన్నాను, ఆవిడ ఇప్పట్లో ఎక్కడికీ పోదన్న ధైర్యంతో.

చదవడానికి నాకేం అభ్యంతరం లేదు. చదివాక చివర్లో "ఇది దేవుని వాక్కు" అని నేననాలి, "దేవునికి వందనాలు" అని జనం బదులివ్వాలి. నేననాల్సిన ఆ మాట దగ్గరే చిక్కు. మా చర్చిలో అది మంచి కథే గానీ వాక్యం కాదు.

ఫోన్ పెట్టేసి మా పాస్టరుగారిని అడిగాను. "పాత నిబంధనలో యూదులు హీబ్రూలో ఉంచుకున్న పుస్తకాలే మనం పాటిస్తున్నామమ్మా. మనవాళ్ళు కూడా మొదట్లో వీటిని పారేయలేదు, బైబిల్లోనే విడిగా అచ్చు వేశారు. తర్వాత్తర్వాత మానేశారు" అన్నారు. సరేననిపించింది. ఆ ఊరు వెళ్ళాక ఫాదర్‌గారు, "తొలినాటి క్రైస్తవులు ఎక్కువగా చదివింది గ్రీకులో ఉన్నవి కదమ్మా. వాటిలో ఇవీ ఉన్నాయి. ఇథియోపియా వాళ్ళకైతే ఇంకా ఎక్కువ" అన్నారు. అదీ సరేననిపించింది. ఎవరి దగ్గర కూర్చుంటే వాళ్ళు చెప్పిందే నిజమనిపిస్తుంటే, నా నమ్మకం ఏపాటిదో నాకే అనుమానం వచ్చింది. అడుగుదామంటే పెద్దమ్మ పెట్టెలో పడుకుని ఉంది.

అలవాటుకొద్దీ నా బైబిలే పట్టుకెళ్ళాను. మైకు ముందు పేజీలు తిప్పుతుంటేగానీ ఆ పుస్తకం ఇందులో ఉండదని గుర్తుకు రాలేదు. అన్నయ్య పరుగున వెళ్ళి పెద్దమ్మ బైబిలు తెచ్చాడు. ఆ పేజీ వెతకక్కర్లేకపోయింది. ఎండిన మిరప తొడిమ ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. కాగితం అంచులు ఎర్రగా ఉన్నాయి.

చదివాను. పెద్దాయన భోజనం వదిలేసి లేచి శవం కోసం వెళ్ళేచోటు కూడా దాటాను. చివరి వాక్యం అయిపోయింది. "ఇది" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. నమ్మకం లేక రాలేదో, ఏడుపొచ్చి రాలేదో ఈరోజుకీ నాకు తెలియదు. ముందు వరసలో పెద్దమ్మతో కలిసి కాయలు ఏరిన ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్క క్షణం నా వంక చూసి, నేను అన్నట్టే, "దేవునికి వందనాలు" అనేశారు.

వేళ్ళతోనే కన్నీళ్ళు తుడుచుకున్నాను. కళ్ళు భగ్గున మండాయి. ఆవిడ చేతి కారం ఆ పేజీల్లో ఇంకా ఉంది. ఏమీ కనిపించక, పుస్తకం మూయకుండానే, అన్నయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.