సాయంత్రం బస్సుకు నేను రాయించిన జనం

నేను అంగన్‌వాడీలో ఆయాగా చేరి పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడాది, ఎండాకాలం మొదట్లో, మా ఊరి జనాన్ని లెక్కరాసే పని నా మీద పడింది. నేను చదివింది మూడో తరగతి. పేర్లు చదవగలను, కూడికలు చేయగలను. ఆ పనికి అంతకు మించి అక్కరలేదనుకున్నాను.

ఆయా పని ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. పాటలు, అక్షరాలు, రిజిస్టర్లు టీచరు చూసుకుంటుంది. పొయ్యి, చీపురు, ఇల్లిల్లూ తిరిగి బిడ్డలను పిలుచుకురావడం ఆయావి. రోజూ పది గంటలకు, కూర్చున్న బిడ్డలను లెక్కపెట్టి ఎసట్లో బియ్యం పోసేదాన్ని. రాని బిడ్డ పేరు మీద గుప్పెడు కూడా పోయలేదు. గుడ్లూ అంతే. మా సెంటరులో అన్నం పారబోయడం ఎన్నడూ చూడలేదని సూపర్‌వైజరమ్మ మీటింగులో చెప్పింది. అది నాకు గర్వంగా ఉండేది.

మా ఊరు రేణిగుంట రోడ్డుకు ఏడు కిలోమీటర్లు లోపల, గుట్టల అవతల ఉంది. బస్సు పొద్దున ఒకసారే వచ్చిపోయేది. సాయంత్రం ఇంకో ట్రిప్పు కావాలని ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. ఊళ్ళో నికరంగా ఎంతమంది ఉంటున్నారో లెక్క తెమ్మని డిపోలో అడిగారు. ఇంటింటి సర్వే రిజిస్టరు మా సెంటరులోనే ఉంటుంది కాబట్టి ఆ పని మాకు అప్పజెప్పారు. మా టీచరు పొరుగూరి పిల్ల, అందరి సంగతులూ తెలియవు. అందుకని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

సర్వే రిజిస్టరులో ఇంటికొక పేజీ. ఊళ్ళో ఉండేవాళ్ళకు ఒక గడి, బయట ఉండేవాళ్ళకు వలస గడి. రెడ్డెమ్మ వాకిట్లో పేచీ వచ్చింది. ఆమె కోడలు సుజాత రేణిగుంటలో ఒక గోడౌనులో పనిచేస్తూ, తోటి ఆడపిల్లలతో కలిసి అక్కడే గదిలో ఉండేది. ఆదివారాలు వచ్చి, రెండున్నరేళ్ళ కూతురిని చూసి పోయేది. ఆ పాప మా సెంటరు బిడ్డే.

“సుజాత పేరు ఊరి గడిలోనే రాయించక్కా,” అంది రెడ్డెమ్మ.

“యాడుండాది మీ సుజాత? పిలువు, రాయిస్తా.”

“నీకు తెలీదా యాడుండాదో? సాయంత్రం బస్సొస్తే దినమూ ఇంటికొచ్చి బిడ్డ కాడే పండుకుంటాది గదా.”

“వచ్చినాంక రాస్తాం లే.”

రెడ్డెమ్మ చేతిలోని చాట దబాలున కింద పెట్టింది. “ఈయమ్మ చేతికి రిజిస్టరొస్తే, సంతకు పోయిన సొంత మొగుడి పేరు గూడా కొట్టేసేట్టుందే!”

పక్కింటివాళ్ళు నవ్వారు. టీచరు కలం ఆపి, వారం వారం వస్తుంది కదా, రాద్దామా అని మెల్లగా అడిగింది. దొంగ లెక్క రాస్తే రేపు పైవాళ్ళకు జవాబు నువ్వు చెబుతావా అన్నాను. ఆ పిల్ల సుజాత పేరు వలస గడిలో రాసింది. సుజాతలాగే ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు ఆ గడిలోకి పోయారు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఈ కొద్దిపాటి జనానికి రెండో ట్రిప్పు నడపలేమన్నారని, డిపోకు పోయివచ్చిన మా సర్పంచి చెప్పాడు. వలస గడి వాళ్ళ సంగతి చెప్పలేదా అని అడిగాను.

“ఊళ్ళో ఉండరని మనమే రాసిచ్చినాం గదమ్మా. ఇంకేం చెప్పేది?” అన్నాడు.

ఆ వానాకాలంలో సుజాత బిడ్డను రేణిగుంటకు తీసుకుపోయింది. పేరు తీయించడానికి రెడ్డెమ్మే సెంటరుకు వచ్చింది. “ఇప్పుడు సరిపోయిందా అక్కా నీ లెక్క?” అని మాత్రం అంది. ఆ పూట ఎసట్లో ఒక గుప్పెడు తగ్గించి పోశాను.

తరువాత మరికొందరు బిడ్డలు అదే దారిన పోయారు. పిల్లలు తగ్గారని మా సెంటరును పొరుగూరి సెంటరులో కలిపేశారు. రిటైరయ్యేదాకా నేను అక్కడికి నడిచిపోయి వండాను.

ఆ రిజిస్టరులో నేను రాయించిన అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ లెక్క తప్పు. అన్నం వండాలంటే వచ్చి కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టాలి. బస్సు అడగాలంటే ఇల్లు చేరలేకపోతున్నవాళ్ళను లెక్కపెట్టాలి. ఆ మాట రెడ్డెమ్మ తన వాకిట్లోనే చెప్పింది. నేను వినలేదు.