గవర్నర్ గారి హీటింగ్ ఉత్తర్వు

కాల్గరీలో అద్దె తగాదాలు విచారించే కార్యాలయం నన్ను రష్యన్ దుబాసీగా పిలిచింది ఒక అక్టోబర్ నెలాఖరులో. మన పిల్లలు చదువుల కోసం విమానాల కొద్దీ దిగుతున్న ఏడాది అది. సోవియట్ రోజుల్లో స్కాలర్‌షిప్ మీద రష్యాలో ఇంజనీరింగ్ చదివిన పుణ్యాన నాకు రష్యన్ వచ్చు. ఆయిల్ కంపెనీ ఉద్యోగం పోయాక ఆ భాషే అన్నం పెట్టింది. ఆ రోజు పొద్దుటి నుంచి ఆసుపత్రిలో ఒక రోగికి మాట సాయం చేసి, సీ-ట్రెయిన్ అనే సిటీ రైల్లో నిలబడే వచ్చాను. మోకాళ్ళు అప్పటికే రిటైరయ్యాయి. నేనే ఇంకా కాలేదు.

దుబాసీకి కొన్ని నియమాలుంటాయి. ఎవరి మాట చెబుతున్నామో వాళ్ళమే అయిపోవాలి. ‘ఆయన అంటున్నారు’ అనకూడదు, ‘నేను’ అనాలి. సొంతంగా ఒక ముక్క కలపకూడదు. ఎవరైనా మనతో విడిగా మాట్లాడితే దాన్ని కూడా అధికారి ముందు పెట్టాలి.

ఇంటి యజమాని డెబ్బై దాటిన రష్యన్ పెద్దమనిషి. తన దేశంలో ఒక ప్రాంతానికి గవర్నర్‌గా చేశారు. అక్కడ గవర్నరంటే రాజ్‌భవన్‌లో కూర్చుని సంతకాలు పెట్టే పదవి కాదు, మన ముఖ్యమంత్రీ కలెక్టరూ కలిస్తే ఎంతో అంత. పదవి పోయాక కూతురున్న ఊరని కాల్గరీ వచ్చి ఇల్లు కొన్నారు. పైన భార్యతో తాను ఉంటూ బేస్‌మెంట్‌ను మన విద్యార్థులకు అద్దెకిచ్చారు.

ఇంటికంతటికీ ఒకటే హీటింగ్. సెప్టెంబర్‌లోనే మంచు పడినా ఆయన వేయలేదు. స్విచ్ మీద ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశారు. పిల్లలు చిన్న కరెంటు హీటర్లు కొనుక్కున్నారు. అవి పెట్టినప్పుడల్లా ఇల్లంతా కరెంటు పోయేది. వైరింగ్ తగలబడుతుందని ఆయన ఖాళీ చేయమని నోటీసిచ్చారు. ఆ ఏడాది కాల్గరీలో గది దొరకడం గగనకుసుమం. నోటీసు నిలబడితే ఆ పిల్లలు మంచులో రోడ్డున పడతారు.

హీటింగ్ ఎందుకు వేయలేదని విచారణ జరుపుతున్న అధికారిణి అడిగింది. కట్టె, కొట్టె, తెచ్చె అని ముగించాల్సిన జవాబుకు ఆయన లేచి నిలబడి రామాయణం అందుకున్నారు. నేనూ ఆయనై చెప్పుకుంటూ పోయాను. నేను బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాను. బాయిలర్ ఫిట్టర్‌గా చేరి ఆ ప్లాంటుకే అధిపతినయ్యాను. తర్వాత మేయర్‌ని, ఆ తర్వాత రాజధాని వాళ్ళు నియమించిన గవర్నర్‌ని. మా ఊళ్ళలో ఒకే బాయిలర్ హౌస్ నుంచి వేడినీళ్ళు పైపుల్లో ఊరందరి ఇళ్ళకూ పోతాయి. వరసగా ఐదు రోజులు బయటి సగటు ఉష్ణోగ్రత ఎనిమిది డిగ్రీల లోపుంటేనే అధికారి ఉత్తర్వు ఇస్తాడు. అప్పుడే హీటింగ్ సీజన్ మొదలవుతుంది. ఇక్కడ ఆ ఐదు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఎలా పూర్తవుతాయి? కాల్గరీలో మూడు రోజులు చలి గడ్డకట్టిస్తుంది, నాలుగో రోజు చినూక్ అనే వెచ్చటి గాలి కొడుతుంది. ఆయన లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పైన ఆయనా భార్యా కూడా ఓవర్‌కోట్లలోనే తిరుగుతున్నారట. నియమం అందరికీ ఒకటేనన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంత పెద్దమనిషిలో ఇంత చాదస్తమా అని నాకు చిరాకేసింది.

పదవి ఎలా పోయిందో మాత్రం రెండే ముక్కల్లో చెప్పారు. ఒక చలికాలం ఒక ఊళ్ళో పైపులు పగిలాయి. నన్ను తీసేశారు.

పిల్లల తరఫున వచ్చింది శ్రావణి, కరీంనగర్ అమ్మాయి. జాకెట్ విప్పకుండా అంతసేపూ ఓపిక పట్టి, ఇక ఆగలేక నా వైపు తిరిగింది.

“అంకుల్, మీరు తెలుగోళ్ళే గదా! జర మీరన్నా ఆయనకు చెప్పుండ్రి. సలికి సస్తున్నం అంకుల్. నా రూమ్మేట్‌కు జ్వరం తగ్గుతనే లేదు.”

ఆమె నాతో తెలుగులో ఏమన్నదో ముందు అధికారిణికి చెప్పాను. అనుమతి తీసుకుని రష్యన్‌లోకి తిప్పాను. మనం రోజుకు పదిసార్లు ఆకలికి చస్తాం, చలికి చస్తాం. మరో రోజైతే ‘చలిగా ఉంది, ఇబ్బంది పడుతున్నాం’ అని సర్ది చెప్పేవాణ్ణి. కానీ మాటను మెత్తబరచాలన్నా ఓపిక కావాలి. ఆ సాయంత్రం నాలో అది లేదు. ఆమె అన్నది అన్నట్టే అనేశాను. మేం చలికి చస్తున్నాం.

పెద్దాయన కూర్చుండిపోయారు. మొదటిసారి ఆ అమ్మాయి ముఖంలోకి చూశారు. జ్వరం ఎప్పటి నుంచి అని అడిగారు. తర్వాత అధికారిణి అనుమతితో ఇంటికి ఫోన్ చేశారు. ఆ మాట కూడా నేనే ఇంగ్లీషులో చెప్పాను. తాళం తీయి, హీటింగ్ వేసేయి. కరెంటు హీటర్లు తీసేయాలన్న ఒక్క షరతుతో నోటీసు వెనక్కి తీసుకున్నారు.

బయట శ్రావణి పరుగున వచ్చింది. “అంకుల్, మస్తు చెప్పిండ్రు!”

“నేనేం చెప్పలేదమ్మా, నువ్వు చెప్పిందే” అన్నాను. ఆమె నమ్మలేదు.

లిఫ్ట్ దగ్గర పెద్దాయన ఒక్కరే నిలబడి ఉన్నారు. విచారణ అయ్యాక మాకై మేం ఎవరినీ పలకరించకూడదు. ఆయనే మాట్లాడారు. ఆ చలికాలం ఆ ఊరివాళ్ళు కూడా సరిగ్గా ‘చలికి చస్తున్నాం’ అనే అన్నారట. ఆ ఊరి మేయర్ దాన్ని ‘జనం ఇబ్బంది పడుతున్నారు’ అని గవర్నర్ గారి కార్యదర్శికి చెప్పాడు. కార్యదర్శి ఆయనకు ‘కొన్ని ఫిర్యాదులున్నాయి’ అన్నాడు. నియమం ప్రకారం చూడమని ఆయన సెలవిచ్చారు. ఊళ్ళో ముసలివాళ్ళు చలికి పోయారు.

“మధ్యవాళ్ళందరూ మర్యాదస్తులే. ఆ మాట నా దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది” అన్నారు. లిఫ్ట్ వచ్చింది, వెళ్ళిపోయారు.

మాటలకు నునుపు పెట్టడం మా వృత్తిలో చేయి తిరిగినకొద్దీ అలవాటవుతుంది. దాన్నే నైపుణ్యమనుకుంటాం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఓపికున్న రోజుల్లో కూడా, నేను ఆ పని చేయలేదు.