మావయ్య ఇచ్చిన పక్షం

మా మావయ్యకి ఒక్కటే జబ్బు: మనం ఏదంటే దానికి ఎదురు మనచేతే వాదింపజేయడం. ఆయన పోయి మూడు నెలలైంది. "పోయాడు" అని రాస్తుంటే ఇప్పటికీ భయమే. పోలేదని రెండు నిమిషాలు వాదించమంటాడేమోనని.

"వాన పడుతోంది మావయ్యా" అంటే, "పడటం లేదని నిరూపించు" అనేవాడు. తడిసి ముద్దవుతూ నిరూపించేవాళ్లం. ఒకసారి అత్తయ్య విసిగిపోయి "మీతో వేగలేను" అంటే, వేగగలనని ఆవిడచేతే వాదింపజేసి, మధ్యలో ఆగితే "ఇంకా ఇరవై సెకన్లున్నాయి, కానియ్" అన్నాడు.

బడిలో మాకు చర్చలు నేర్పేది ఆయనే. చేతివాచీ విప్పి బల్లమీద పెట్టాడంటే, మాలో ఒకరు రెండు నిమిషాలు తమ మాటకి తామే ఎదురు వాదించాల్సిందే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎన్నికల్లో మా ఊరి మిల్లు యజమాని నిలబడ్డాడు. ఆ మిల్లులోనే పనిచేసే మా నాన్న కిటికీలు మూసి మరీ చెప్పాడు: "బయట నోరు జారావంటే నా ఉద్యోగం ఊడుతుంది తల్లీ." సరిగ్గా ఆ వారమే మావయ్య బోర్డుమీద రాశాడు: 'జీతమిచ్చేవాడికే ఓటెయ్యాలా?'

"నువ్వేమంటావే?"

"వెయ్యాలండీ" అన్నాను, వీధిదాకా వినపడేలా.

"అయితే వెయ్యక్కర్లేదని వాదించు."

"జీతం చేసిన పనికిస్తారు. ఓటు ఆ పనిలో లేదు..." అని మొదలుపెట్టాను. నాలో అంత ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. తెలిశాక ఇంకా భయమేసింది.

మర్నాడు మిల్లు మేనేజరు నేరుగా తరగతిలోకే వచ్చాడు.

"నిన్న మా అయ్యగారిమీద మాట్లాడిన పిల్లెవరండీ? ఎవరి కూతురు?"

నేను పుస్తకం వెనక తలదాచుకున్నాను.

మావయ్య లేచాడు. "దాని అభిప్రాయం ఓటెయ్యాలనే. నలభైమంది విన్నారు. ఎదురు మాట్లాడమన్నది నేను. అడిగేదేదో నన్నడుగు."

"మాటలు ఆ పిల్లవేగా మాస్టారూ?"

"పక్షం నాది. నువ్వు ఇక్కడ చదివినప్పుడూ ఇదే వరస, మరిచిపోయావా? ఇంతకీ నీ అభిప్రాయమేమిటి?"

"అయ్యగారికే ఓటెయ్యాలని!"

మావయ్య వాచీ విప్పి బల్లమీద పెట్టాడు.

మేనేజరు మొహం తెల్లబోయింది. "వద్దు మాస్టారూ..." అంటూనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు వెయ్యక్కర్లేదో గొణుగుతూ మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు దాటాయి. నాలుగు దాటాయి. "నా ఓటైనా నాది కాదా అండీ?" అని బల్ల గుద్దాడు. మావయ్య ఆపలేదు.

అంతా అయ్యాక మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. నేనెవరి కూతురినన్న సంగతి మళ్లీ ఎత్తలేదు. గుమ్మందాకా వెళ్లి, బిక్కమొహంతో వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ... ఇది అయ్యగారి చెవిన పడితే?"

"పడనీరా" అన్నాడు మావయ్య వాచీ పెట్టుకుంటూ. "నీ అభిప్రాయం ఓటెయ్యాలనే. నలభైమంది విన్నారు."