మూడో తొట్టి

డొరీన్ కోవల్‌చిక్ ముప్ఫై మూడేళ్లుగా జనానికి కళ్లు మూసుకుని కూర్చోవడం నేర్పుతోంది. అంతకుముందు పదకొండేళ్లు స్కూలు బస్సు నడిపింది. రెండూ ఒకటే ఉద్యోగమంటుంది. "వెనకాల ఎంత గోల జరిగినా చేతులు స్టీరింగు మీంచి తీయకూడదు. అంతే విద్య."

మసాచుసెట్స్ పడమటి కొండల్లో ఉన్న ఆ ధ్యానకేంద్రంలో నేను నాలుగేళ్లు వంట చేశాను. విపశ్యన గురువులంటే నేలకి జానెడు ఎత్తున తేలే మనుషులని బయటివాళ్లు అనుకుంటారు. నాకా భ్రమ లేదు. వేరుశెనగ వెన్న డబ్బా అడుగంటినప్పుడు ఏ గురువు ముఖం ఎలా మారుతుందో నేను చూశాను.

డొరీన్‌ది హాడ్లీలో దుంపలు పండించే పోలిష్ కుటుంబం. బస్సు నడిపి కూడబెట్టిన డబ్బుతో బర్మా వెళ్లి మూడేళ్లు కూర్చుంటానన్నప్పుడు వాళ్ల నాన్న ఒకటే అడిగాడట: "కూర్చోడానికి అంత దూరం దేనికే? చర్చిలో బల్లలు అరిగిపోయాయా?" ఇప్పుడావిడకి డెబ్బై ఒకటి. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. మాట కటువు. ఆ కటువు కోసమే జనం కాలిఫోర్నియా నుంచి కూడా వస్తారు. తీపి మాటలు అక్కడ ఊరికే దొరుకుతాయి కదా.

జూన్‌లో మాత్రం ఆ కటువు హద్దు దాటింది. శిబిరంలో అందరూ మౌనంగా ఉంటారు. రెండ్రోజులకోసారి పది నిమిషాలు గురువుతో మాట్లాడుకోవచ్చు. హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చిన వారెన్ ట్విచెల్ అనే ప్లీడరు ఆ పది నిమిషాలూ పక్కాయన ఊపిరి మీదే ఖర్చు పెట్టాడు. ఈలలా వస్తోందన్నాడు. రెండోసారి, నాకు వినపడాలనే తీస్తున్నాడన్నాడు. నాలుగోసారి నోరు తెరవగానే డొరీన్ లేచి నిలబడింది.

"ట్విచెల్ గారూ, మీ రోగం ఆయన ముక్కులో లేదు. సామాను సర్దుకుని ఇంటికి వెళ్లండి."

ఆయన నిజంగానే వెళ్లిపోయాడు. ఫిర్యాదు కూడా రాయలేదు. మందిరంలో ఆయన మెత్త, దాని మీద నాలుగు మడతలు పెట్టిన దుప్పటి, శిబిరం అయ్యేదాకా అలాగే ఉన్నాయి. డొరీన్ రోజూ వాటి ఎదురుగానే కూర్చుంది.

అక్కడ ప్రతి గురువూ ఏడాదికో నెల మామూలు సాధకుడిలా కూర్చోవాలి. అదే ఇరుకు గది, చీటీ తీస్తే వచ్చిన పని. బర్మాలో తనతో పాటు కూర్చున్న లెనర్డ్ అనే పెద్ద గురువుతో డొరీన్ నా వంటింట్లోనే ఒట్టేసింది.

"నవంబర్లో నా నెల. ముప్ఫై రోజుల్లో ఒక్కసారి ఎవరిమీదైనా నోరు పారేసుకున్నానా, ఇంక పాఠం చెప్పను. తమ్ముడి కొట్లో దుంపలమ్ముకుంటా."

"దుంపలు కొనేవాళ్లని తిట్టవా?"

"వాళ్లు ఊపిరి గురించి చెప్పరు."

నవంబర్లో చీటీ తీస్తే అంట్లు వచ్చాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరవై మంది వంటగిన్నెలు ఇద్దరు తోమాలి. రెండోవాడెవడో ఆవిడకి తెలియదు. మౌనంలో పేర్లుండవు. కళ్లు కూడా దించుకోవాలి కాబట్టి ముఖాలూ ఉండవు. ఆవిడకి కనిపించినవి రెండు చేతులు, శుభ్రంగా కత్తిరించిన గోళ్లు, మెరిసే బూట్లు.

మొదటిరోజే గొడవ మొదలైంది. ఆవిడ గిన్నె తోమింది, నీళ్లలో జాడించింది, గూట్లో బోర్లించింది. ఆ చేతులు వచ్చి గిన్నె తీసుకెళ్లి చివరి తొట్టిలో మళ్లీ ముంచాయి. రెండో గిన్నె, అంతే. మూడోరోజు గరిటెలు కూడా.

వారం తిరిగేసరికి డొరీన్ మనసులో ఆ చేతులకి ఒక జీవితం పుట్టుకొచ్చింది. పేరు ప్రెస్టన్. పళ్ల డాక్టరు. పడవ ఉంది. ఇద్దరు పెళ్లాలు పారిపోయారు, ఇద్దరూ మంచి పని చేశారు.

పన్నెండో రోజు టెస్సా ముందు కూర్చుంది. టెస్సా ఆవిడ దగ్గరే నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఆ శిబిరానికి గురువు.

"కోపం వస్తోంది."

"ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?"

ఆ ప్రశ్న డొరీన్‌దే. ముప్ఫై మూడేళ్లుగా వేల మందిని అడిగింది. అడిగించుకుంటే ఎంత మంటగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"నా ఒంట్లో లేదు. వాడి చేతుల్లో ఉంది."

"ఆ చేతులకి మైత్రి పంపి చూశారా?"

"పంపాను. తిరుగుటపాలో వచ్చేసింది."

టెస్సా పెదవి కొరుక్కుని కిటికీలోంచి చూసింది.

పద్దెనిమిదో రోజు, తప్పనిసరి కబుర్లు రాసి గుచ్చే బోర్డు మీద నాకో చీటీ. "కడిగినవి మళ్లీ కడగొద్దని నా జోడీకి చెప్పు. డి." నేను పప్పు పొంగుతోందన్న కంగారులో రెండు ముక్కలు గీకి పెట్టాను: "మళ్లీ కడగడం కాదు. గోడ చూడండి." మౌనంతో వచ్చే తంటా ఇదే, మామూలు మాట మామూలుగా చేరదు. ఆవిడ నా చీటీని పెద్ద ఉపదేశంగా తీసుకుంది. గదికి వెళ్లి తలుపేసుకుని, రెండు గంటలు గోడ చూసింది.

ఇరవైనాలుగో రోజు నేను పప్పు మాడబెట్టాను. ఆ డేగిసా ఆవిడ వంతుకొచ్చింది. పీచుతో, చెంచాతో, గోళ్లతో నలభై నిమిషాలు గీకింది. అద్దంలా అయింది. ఎత్తి గూట్లో పెట్టింది. ఆ చేతులు వచ్చాయి.

"మళ్లీనా! అద్దంలా ఉంది కదయ్యా! మీ అమ్మ దిగొచ్చి తోమినా ఇంతకన్నా రాదు!"

డేగిసా ఆయన చేతిలోంచి జారింది. అది దొర్లిన చప్పుడు ఆగేదాకా పక్క హాల్లో అరవై మందీ టీ కప్పులు పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఇరవైనాలుగు రోజుల్లో గురువుల నోట తప్ప వాళ్లు విన్న మొదటి వాక్యం అది.

సాయంత్రం బోర్డు మీద లెనర్డ్‌కి డొరీన్ రాసిన చీటీ వెలసింది. ఒకటే మాట: "దుంపలు."

మిగతా ఆరు రోజులూ ఆవిడ కూర్చుంది, తోమింది. ఆ చేతులూ ముంచాయి, కాకపోతే ఇప్పుడు ఆవిడ అటు తిరిగాక.

ఆఖరి ఉదయం మౌనం తీసేశారు. హాలంతా సంతలా ఉంది. ఒక పొట్టి బట్టతలాయన డొరీన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేనండీ... గిన్నెలు. ఆర్మాండో ఫుర్టాడో. ఫాల్ రివర్‌లో లిఫ్టులు బాగుచేస్తుంటాను."

"క్షమించండి, ఆ రోజు అరిచాను."

"అరిచి నన్ను కాపాడారు! మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇక్కడ రోజూ మీ చేతులు చూసీ చూసీ... మీరు ఓడ కెప్టెన్ భార్య, ఆయన సముద్రంలో పోయాడు, పియానో వాయిస్తారు, పేరు హెలెనా. పెళ్లిదాకా వచ్చేశాను. మా అమ్మాయికి ఎలా చెప్పాలా అని మూడు రోజులు ధ్యానం కుదర్లేదు."

"మరి?"

"మీరు నోరు తెరిచారు. అచ్చం మా పెద్దక్క. అంతే, హెలెనా పోయింది."

డొరీన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకు పడవ లేదా?"

"పడవా? నాకు నీళ్లంటే భయమండీ."

"మరి నేను కడిగినవన్నీ మళ్లీ ఎందుకు కడిగారు?"

"కడగలేదండీ, ముంచాను. మూడో తొట్టి. గోడ మీద కాగితం ఉంది కదా."

ఇద్దరూ గిన్నెల గదిలోకి వచ్చారు. కాగితం తొట్ల పైన ఆరేళ్లుగా ఉంది, వేలెడంత అక్షరాలతో. మొదటి తొట్టి సబ్బు, రెండోది నీళ్లు, మూడోది మందునీళ్లు. ఆవిడ నెలంతా నియమం తప్పకుండా కళ్లు దించుకునే ఉంది.

"ఆ మందు ఏం చేస్తుందిరా?" అంది నాతో.

"క్రిముల్ని చంపుతుంది."

"ముప్ఫై మూడేళ్లు జీవహింస వద్దని చెప్పాను. నా పక్కనే రోజూ లక్షల హత్యలా?"

లెనర్డ్ చీటీ ఊపుకుంటూ వచ్చాడు. "ఇదేంటి, సరుకుల చీటీయా?"

"రాజీనామా. ఈయన మీద అరిచాను."

లెనర్డ్ ఓదార్చలేదు. "మాటంటే మాటే. మానెయ్. కానీ హార్ట్‌ఫర్డ్ ప్లీడరుకి ఏం చెప్పి మానేస్తావ్?"

ఆ మధ్యాహ్నం డొరీన్ వంటింటి పక్క ఆఫీసులోంచి ట్విచెల్‌కి ఫోన్ చేసింది. ప్రెస్టన్ నుంచి డేగిసా దాకా మొత్తం చెప్పింది. స్పీకరు పెట్టింది కాబట్టి మేమూ విన్నాం.

"అంటే, మీరు అరిచారు," అన్నాడు ట్విచెల్. "నేను ఆయన మీద ఒక్కసారి కూడా అరవలేదు."

"అరవలేదు."

"అయితే మీకన్నా నేనే నయం."

"చాలా నయం."

"నేను చెప్పేది మీరు పూర్తిగా విననేలేదు కూడా."

"ఇప్పుడు చెప్పండి."

నలభై నిమిషాలు చెప్పాడు. ఆవిడ ముందుకు వంగి కూర్చుంది. "ఈల ముక్కులోంచా, గొంతులోంచా?" అని అడిగింది. "భోజనం తర్వాత ఎక్కువయ్యేదా?" అంది. అడగాలి కాబట్టి అడిగినట్టు లేదు, ఆసక్తిగా అడిగింది. చివర్లో ట్విచెల్, మార్చిలో వస్తాను, మీరుంటేనే, అన్నాడు. డొరీన్ లెనర్డ్ వైపు చూసింది. లెనర్డ్ "దుంపలు" చీటీని నా సరుకుల బుట్టలో పడేసి వెళ్లిపోయాడు. నేను మర్నాడు యాభై పౌండ్లు కొన్నాను.

మార్చిలో ట్విచెల్ వచ్చాడు. చీటీ తీస్తే అంట్లు వచ్చాయి. మౌనం మొదలయ్యేలోపు కళ్లజోడు పెట్టుకుని గోడ మీది కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇందులో లోపం ఉంది," అన్నాడు. "మూడో తొట్టిలో ఎంతసేపు ముంచాలో రాయలేదు. రేపు ఎవరికైనా కడుపునొప్పొస్తే బాధ్యత ఎవరిది? ఇంకొకటి, ఈ గదిలో ఆ ఫ్యాను..."

డొరీన్ చేతులు రెండూ తొట్టి అంచుమీద పెట్టి, గట్టిగా పట్టుకుంది.

"ఊఁ," అంది. "ఫ్యానుకేమైంది?"